ఓబయ్య పేరుతో ఆడిన ఆటలు

ఏప్రిల్ 21

మిఠాయిల ఆట.

ఒకే రంగు మిఠాయిలు మూడు ఒక వరసలోకి తెస్తే పేలిపోతాయి. అంతే, ఇక ఇందులో ఏమీ లేదు. పేలిన ప్రతిసారీ ఒక మగ గొంతు "అద్భుతం!" అని అరుస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ ఇంట్లో నన్నెవరూ ఆ మాట అనలేదు కాబట్టి మొదట కాస్త బాగానే అనిపించింది. తర్వాత చూస్తే, కళ్ళు మూసుకుని వేలు పెట్టినా అద్భుతమే అంటున్నాడు. అలాంటి మెప్పు మీద ఉమ్మెయ్యాలి. నెల్లూరు వెళ్ళి డిగ్రీ చదివినదాన్ని, మధ్యాహ్నమంతా కూర్చుని చక్కెర ముక్కలు పేల్చాను. ఛీ.

ఎందుకు మొదలుపెట్టానో కూడా రాసుకోవాలి, లేకపోతే రేపు నాకే నేను అర్థం కాను. వేట నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డెక్కాయి. నా మొగుడు మధుబాబూ ఒడ్డెక్కాడు, కానీ ఇంట్లోకి రాకుండా నేరుగా ఫోన్లోకి వెళ్ళిపోయాడు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ మాటలతో నా బుర్ర తినేవాడు. ఈ ఏడు మార్చిలో ముత్యాలయ్య పెద్దమామ పడవ అలల్లో తిరగబడి చిట్టి పోయాడు. చిట్టి మా ఆయనకు చిన్నప్పటి నుంచీ జతగాడు. వల కాలికి చుట్టుకుందట. అంతవరకు ఊళ్ళోవాళ్ళు చెప్పారు. పక్కనే ఉండి బతికి వచ్చిన మనిషి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అన్నం పెట్టు, నీళ్ళు ఇవ్వు, ఇవి రెండే మాటలు.

ఆ ఫోన్లో ఏం మందు పెట్టారో చూద్దామని అతను ఆడే ఆటలన్నీ నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

ఏప్రిల్ 23

కార్ల పందెం. వాంతి వచ్చింది. మాట వరసకు కాదు, నిజంగానే వచ్చింది.

ఏప్రిల్ 28

చేపల వేట ఆట. ఇది అతని ఫోన్లో లేదు. నేనే వెతికి తెచ్చుకున్నాను. బుద్ధి తక్కువై.

పడవలో మెత్తని కుర్చీ ఉంది. కుర్చీలో ఒక దొర. నీళ్ళు బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు నీలంగా ఉన్నాయి. గాలి లేదు, పోటు లేదు, పాటు లేదు. గాలం వేస్తే చాలు, చేప తనే వచ్చి తగులుకుంటుంది. పైకి లాగాక దొర దాన్ని ముద్దు పెట్టుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. వదిలేసినందుకు నక్షత్రాలు రాలతాయి! మా అత్త చూస్తే ఫోన్‌ని పొయ్యిలో పెడుతుంది. చేపను పట్టి వదిలేసేవాడికి చేప ఎందుకు, పడవ ఎందుకు? నీసు వాసన లేని వేట ఒక వేటా?

పడవను తిరగెయ్యాలని చాలాసేపు చూశాను. ఎటు తిప్పినా తిరగబడదు. ఆ ఆట చేసినవాళ్ళు అది పెట్టలేదు.

తీసేశాను.

మే 3

మా అత్త గురవమ్మ బిట్రగుంటలో కూతురింటికి బయల్దేరుతూ గడపలో నిలబడి తిట్టి వెళ్ళింది.

"ఏందిమే, వాడు జూస్తే వాడట్టా, నువ్వు జూస్తే నువ్విట్టా. ఇద్దురికీ ఆ అద్దం ముక్కే లోకమైపాయె. పొద్దెక్కినా పొయ్యిలో పిల్లి లేవలా. నేను వొచ్చేలోపు ఆ ఇల్లు ఇల్లుగా ఉంటే సంతోషం."

"ఆయనట్టా ఎందుకుండాడో నీకేమన్నా జెప్పినాడా అత్తా?"

"నాకు జెప్పేదేంది? సముద్రం మీదికి బోతే అంతా సర్దుకుంటాది. మొగోడికి ఒడ్డు మీద మనసు పాడవతది."

నాకూ అదే నిజమనిపించింది. రంగు నీళ్ళ ఆట ఒకటి ఆడాను. ఒక గాజు గొట్టంలోంచి ఇంకో గాజు గొట్టంలోకి రంగు నీళ్ళు పోస్తూ కూర్చోవడం. ఇంట్లో బిందెలు ఖాళీగా ఉన్నాయి.

మే 6

ముత్యాలయ్య పెద్దమామ తాంబూలం తెచ్చాడు.

మా పాలెంలో కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. నిషేధం సగంలో పడవ పెద్ద ఇంటింటికీ వచ్చి ఆకువక్క ఇస్తాడు. పుచ్చుకున్న మనిషి ఆ ఏడంతా ఆ పడవ మనిషే. అతను ఇంట్లో లేకపోతే పెళ్ళాం కొంగు పట్టి పుచ్చుకోవచ్చు, అదీ చెల్లుతుంది. వెనక్కి ఇవ్వడం అనేది మాత్రం లేదు. ఇస్తే పడవకే కీడని, ఇచ్చిన ఇంటి మనిషిని ఇక ఏ పడవా ఎక్కించుకోదు.

"వోడు యాడమ్మా?" అన్నాడు.

"రేవులో ఉండాడు పెద్దమావా."

"సరే, నువ్వు బట్టు. గంగమ్మ తల్లి పేరు పెట్టుకున్నదానివి. నీ చేత్తో దీసుకుంటే నాకూ మంచిదే."

కొంగు పట్టాను. నిజం చెప్పాలంటే సంబరంగానే పట్టాను. చిట్టి పోయిన పడవే కదా అన్న ఆలోచన రాకపోలేదు. బాగుచేశారుగా, కొత్త ఇంజను పెట్టారుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ దెబ్బతో ఆ ఫోన్ వదిలి లేస్తాడు అనుకున్నాను.

వచ్చాక చెప్పాను.

"దీసుకున్నావా?" అన్నాడు.

"దీసుకున్నా."

"సరే."

మళ్ళీ ఫోన్ తీసుకుని పంచలో కూర్చున్నాడు. మనిషన్నాక కనీసం కోపమైనా రావాలి. నాకు అతన్ని చూస్తే ఒళ్ళు కంపరమెత్తింది.

మే 10

ఇక అసలు ఆట. రోజంతా అతను ఆడేది ఇదే. తుపాకుల ఆట.

విమానంలోంచి ఒక దీవి మీదికి దూకాలి. దొరికిన తుపాకీ తీసుకుని కనిపించినవాణ్ణల్లా కాల్చాలి. నలుగురు నలుగురు ఒక జట్టు. ఇంత రోత ఆట నేను చూడలేదు. పరాయి ఇళ్ళలో దూరి మందులూ తూటాలూ ఏరుకోవడం, గడ్డిలో పాములా పాకడం, చచ్చినవాడి సంచి వెతకడం. చచ్చినవాడికీ తీరిక లేదు, బతికున్నవాళ్ళు ఎలా ఆడుతున్నారో చూస్తూ కూర్చోవాలి. జట్టులోవాళ్ళ నోళ్ళు చేపల మార్కెట్ కంటే కంపు. మా మార్కెట్లో బూతుకైనా ఒక కారణం ఉంటుంది.

అతని వెనకనుంచి వెళ్ళి ఆటలో అతని పేరేమిటో చూశాను. నేను 'ఓబయ్య' అని పెట్టుకున్నాను. స్నేహం కోరుతూ పంపాను. ఒప్పుకున్నాడు. ఊరు కోట అని, రొయ్యల గుంటల దగ్గర కాపలా అని, మైకు పాడైంది కాబట్టి రాసే మాట్లాడతాననీ చెప్పాను. అబద్ధాలు ఇంత వరసగా వస్తాయని నాకే తెలియదు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు. నేను ఇక్కడ మన అక్షరాల్లో రాసుకుంటున్నాను.

"కోటలో ఎండలెట్టా ఉండాయన్నా?" అని అడిగాడు.

తాంబూలం మాట వదిలేస్తే, నా మొగుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది, రెండు నెలల్లో.

మే 14

గోడ అవతల నవ్వు వినిపించింది. ఏమిటా అని ఫోన్ చూసుకున్నాను. ఓబయ్య రొయ్యల మీద వేసిన ఒక పనికిమాలిన జోకుకి నవ్వాడు. అదే జోకు నేను పోయిన వారం అన్నం వడ్డిస్తూ చెప్తే తల కూడా ఎత్తలేదు.

ఓబయ్య మీద నాకు కుళ్ళు పుట్టింది. ఇంతకంటే దిగజారడానికి లేదు.

మే 19

ఈ ఆట గురించి మొదట రాసినదానిలో ఒకటి మార్చాలి. ఆట రోతే, అందులో మార్పు లేదు. కానీ అతను ఆడేది ఆ ఆట కాదు.

అతను ఎవర్నీ కాల్చడు. ఇన్నాళ్ళూ పక్కన ఉండి చూశాను. తూటా తగిలి జట్టువాడు పడిపోతే, వెంటనే చావడు. మోకాళ్ళ మీద పాకుతుంటాడు. ఎవరైనా దగ్గరికి వెళ్ళి, ఒక గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుని కాసేపు ఆగితే లేచి నిలబడతాడు. మా ఆయన చేసేది ఆ ఒక్కటే. ఎంత దూరంలో పడినా పరుగెత్తుతాడు. తూటాల మధ్యలోంచి పరుగెత్తుతాడు. సగంలోనే చస్తాడు. జట్టువాళ్ళు అమ్మనీ ఆలినీ ఎత్తి తిడతారు. మళ్ళీ ఆటలో మళ్ళీ అదే. ఒకసారి ముందే చచ్చిపోయినవాడి దగ్గర కూర్చుని, లేని గుర్తు మీద వేలు నొక్కుతూనే ఉన్నాడు.

"వొదిలెయ్ తమ్ముడా, వాడు పోయినాడు" అని ఓబయ్య రాశాడు.

"ఇంకొంచేపు జూద్దామన్నా" అన్నాడు.

మే 24

చచ్చి, ఇద్దరం మిగతావాళ్ళ ఆట చూస్తూ కూర్చున్నాం. ఏమనుకున్నాడో, తనే మొదలుపెట్టాడు. అడగలేదు నేను. అతను రాసినది ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"అన్నా, నీకు జెప్తే యాడా పోదు గదా. నేను వేటకు బోయేవాణ్ణి. పడవ తిరగబడింది. ఇద్దురం పడవ పట్టుకోని ఉండాం. నా జతగాడి కాలు వల్లో ఇరుక్కుంది. వల వాణ్ణి కిందికి లాగతా ఉంది. నా మొలలో కత్తి ఉంది. కొయ్యాల గదా. కొయ్యలా. ముడి విప్పతా కూచున్నా."

మళ్ళీ అతనే రాశాడు.

"చిన్నప్పుట్నించీ వల మీద కత్తి బెట్టగూడదని కొట్టి కొట్టి నేర్పించినారన్నా. గంగమ్మ తల్లి వొంటి మీద పెట్టినట్టే అంటారు. చిక్కు పడితే విప్పాల. నా చేతులకి అదే తెలుసు. మెదడు కొయ్యమంటా ఉంది, చేతులు విప్పతా ఉండాయి. పెద్ద అల వొచ్చింది. వాడు లేడు."

తర్వాత: "ఇప్పుడు మళ్ళీ అదే పడవకి మా ఇంట్లోది తాంబూలం దీసుకుంది. నేను ఎక్కలేనన్నా. ఎక్కితే ఈ చేతుల్తో ఇంకోణ్ణి చంపతా. దానికి జెప్పలేను. మొగం జూసి జెప్పలేను."

"ఎవురికన్నా జెప్పినావా?" అని ఓబయ్య అడిగాడు.

"నీకే."

గోడకు ఇవతల నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలి కదా? కూర్చుంటే ఓబయ్య ఎవరో తెలిసిపోతుంది, ఇక ఎవరికీ చెప్పడు. వెళ్ళలేదు.

మే 25

ఏ ఆటా ఆడలేదు. అన్నం మాడింది.

మే 29

దారి వేస్తే తనే చెప్తాడేమోనని చూశాను.

"మావా, నీకిష్టం లేకపోతే జెప్పు."

"ఏంది ఇష్టం లేనిది?"

"పడవ."

"తాంబూలం దీసుకున్నాక ఇష్టమేంది, లేకపోవడమేంది? కూడు బెట్టు."

ఫోన్ అటు తిప్పి, కంచం ముందు కూర్చున్నాడు. తినలేదు, కెలికాడు. తాంబూలం తీసుకున్నది నా చేతులు. ఈ చేతుల మీద నాకు అసహ్యం వేస్తోంది. అతను రానంటే పిరికివాడంటారు, చిట్టి సంగతి తవ్వుతారు. తాంబూలం తిప్పి ఇస్తే ఇక ఏ పడవా, ఏ రేవూ అతన్ని రానివ్వదు. సముద్రం వద్దనుకునేవాడైనా వలలు అల్లుకునో, ఐస్ పెట్టెలు మోసుకునో ఈ పాలెంలోనే బతకాలి కదా.

జూన్ 2

రంగు నీళ్ళ ఆట మళ్ళీ తెరిచాను. తప్పు పోస్తే వెనక్కి తీసుకోవచ్చు, ఒక ప్రకటన చూస్తే చాలు. సబ్బు ప్రకటన చూశాను, టీ పొడి ప్రకటన చూశాను, ఏదో నగల కొట్టు ప్రకటన చూశాను. పోసిన నీళ్ళన్నీ వెనక్కి వచ్చాయి. ఆట చేసినవాళ్ళకు సిగ్గు లేదు. ఇలాంటివి ఆడి ఆడి మనుషులు బయట కూడా అలాగే ఉంటుందనుకుంటారు.

జూన్ 5

వెనక్కి ఇవ్వకుండా తాంబూలం చెల్లకుండా పోయే దారి ఒకటి ఉంది. ఆడది కాబట్టి నాకే తట్టింది. రాయడానికే రోతగా ఉంది.

జూన్ 7

చేశాను.

ముత్యాలయ్య పెద్దమామ పంచలో కూర్చుని వలకు బరువు పూసలు కడుతున్నాడు. పెళ్ళాం పక్కన బియ్యం చెరుగుతోంది.

"పెద్దమావా, ఒక తప్పు జేసినా."

"ఏంది తల్లీ?"

"నువ్వు తాంబూలం దెచ్చిన రోజు నేను ముట్టులో ఉండా. అత్త ఊళ్ళో లేదు. పరాకులో కొంగు బట్టినా. ఇన్నాళ్ళూ భయపడి జెప్పలా."

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. ఒళ్ళోని వల కింద పడింది. నన్ను తల్లీ అన్న నోటితో ఏమన్నాడో ఇక్కడ రాయను. ఆమె చేట విసిరికొట్టి అందుకుంది.

"ఎంత పని జేసినావే! కొత్తగా ఇంజను బెట్టిన పడవ. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలవదా నీకు? ఇంకో పీనుగ లెయ్యాల్నా?"

"ఆ తాంబూలం చెల్లదు," అన్నాడు పెద్దమామ. "ఈ ఏడు వోణ్ణి ఎక్కించుకునేది లేదు. వోడి తప్పేం లేదు, పాపం. నువ్వు మటుకు గంగమ్మ పొంగళ్ళకి ఆ చాయలకి రాబాక."

వోడి తప్పేం లేదు. ఈ మాట కోసమే వెళ్ళాను. దొరికింది.

ఏ ముట్టు పేరు చెప్పి నన్ను పన్నెండో ఏటి నుంచీ గోడ వారన కూర్చోబెట్టారో, దాన్నే వాళ్ళ ముఖాన కొట్టి నా పని చేయించుకున్నాను. గెలిచినట్టు ఉండాలి. స్నానం చేసినా ఒంటి మీద వాళ్ళ మాటలు పోలేదు. నేను అసలు ముట్టులోనే లేని రోజుకి ఇంత అసహ్యించుకున్నారు.

జూన్ 8

బిట్రగుంట నుంచి వచ్చేసిన అత్త నా చేతి నీళ్ళు తాగడం లేదు. "నా కొడుకు నోటికాడ కూడు దీసినావు గదే" అని వీధిలో నిలబడి అరిచింది. అతను పంచలోంచి అంతా విన్నాడు. నా వైపు చాలాసేపు చూశాడు. నన్ను వెనకేసుకు రాడా అని మండింది. దేన్ని వెనకేసుకొస్తాడు పాపం, అని కూడా అనుకున్నాను.

జూన్ 11

తుపాకుల ఆటలో అతను రాలేదు. ఓబయ్య ఒక్కడే దూకి, దూకినచోటే చచ్చాడు. రోత ఆట.

జూన్ 14

గంగమ్మకు పొంగళ్ళు. డప్పులు ఇక్కడికి వినిపిస్తున్నాయి. పాలెంలో ఆడవాళ్ళందరూ రేవులో ఉన్నారు. పడవకు పసుపు నీళ్ళు పోసి మరీ కడిగారట, నా మూలంగా. మిఠాయిల ఆట మళ్ళీ ఎక్కించుకున్నాను. ఆ గొంతు "అద్భుతం!" అంది. ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగాను.

జూన్ 15

తెల్లారేసరికి ఇంజన్లు మోగాయి. ఒక్కొక్కటే దూరమై ఆగిపోయాయి. అతను ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్ళి, పొద్దెక్కాక వచ్చి పంచలో కూర్చున్నాడు. నా ఫోన్ మోగింది.

"ఓబయ్యన్నా, ఉండావా?"

"ఉండా. పడవలు పోయినాయా?"

"పోయినాయి. నేను పోలా. మా ఇంట్లోది తాంబూలం ముట్టులో దీసుకున్నానని పడవ పెద్దయ్యకి జెప్పింది. ఊరంతా దాన్ని నోటికొచ్చినట్టు అంటా ఉండారు."

"పోనీలే తమ్ముడా, నీకు మంచే జరిగింది గదా" అని రాశాను. రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"అది ఆరోజు ముట్టులో లేదన్నా. ఒకే ఇంట్లో ఉండే మొగుణ్ణి, నాకు తెలవదా? ఎందుకట్టా అబద్ధం జెప్పిందా అని వారం నుంచీ ఆలోచిస్తా ఉండా."

ఇంకొకటి వచ్చింది.

"నేను పడవెక్కలేనని ఈ లోకంలో ఒకరికే జెప్పినా. నీకే."

తర్వాత ఇది వచ్చింది.

"ఇప్పుడు పెద్దయ్య ఇంటికి బొయ్యొచ్చినా. ఆయనది ఇప్పుడు వేటకు బోయే వయసు కాదు గదా, ఇంట్లోనే ఉండాడు. అది అబద్ధమాడింది నాకోసం, ఎక్కలేనిది నేనే అని జెప్పినా. ఎట్టయినా అనుకోండి, దాన్ని మటుకు ఏమనబాకండి అన్నా. ఫోన్ అవతల బెట్టు గంగా. చిట్టి సంగతి నీ మొగం జూసి జెప్తా."

బయటికి వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాడు. నేను మొదటిసారి వింటున్నట్టే విన్నాను.

ఓబయ్యకు చెప్పనిది ఒకటి ఉంది. చివరికి కత్తి తీశాడట. తీసి వల మీద పెట్టాడట. అది చూసి చిట్టి, గొంతుదాకా నీళ్ళలో ఉన్నవాడు, అతని చెయ్యి పట్టుకున్నాడట.

"కొయ్యబాకరా, కొత్త వల" అన్నాడట.

ఏ ఆట మీదా రానంత అసహ్యం నాకు ఆ వల మీద వచ్చింది. అలా నేర్పిన పెద్దల మీద, అలా నేర్చుకున్న చిట్టి మీద, నా మీద. ఆ వలకు చిన్న చిరుగు కూడా పడలేదట. పొద్దున ముత్యాలయ్య పడవలో ఆ వలే సముద్రం మీదికి వెళ్ళింది.